నెమ్మదిగా కొట్టమన్నారు

ముప్పై నాలుగేళ్లు లాయర్ల ఆఫీసులో స్టెనోగా పనిచేశాను. ఎదుటివాళ్లు ఎంత గడగడా మాట్లాడినా ఒక్క ముక్క జారనివ్వలేదు. నా వేగం చూసి పెద్ద లాయరుగారే ఒకసారి మాట తడబడ్డారని ఆఫీసులో చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా నేనే అనుకోండి. అలాంటి నన్ను పట్టుకుని, రిహార్సల్ హాల్లో, అందరి ముందూ, సొంత కోడలు "అత్తయ్యా, కొంచెం నెమ్మదిగా కొడతారా" అంది. ఒళ్లు మండదా మరి?

నా ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. దాన్నుంచి ఒక సన్నటి వైరు స్టేజీ అంచుదాకా పాక్కుంటూ వెళ్లింది. అక్కడ ప్రేక్షకులకు వీపు, నటులకు మొహం పెట్టి కోడలు చేసిన బోర్డు ఉంది. లిఫ్టులో ఎన్నో అంతస్తో చూపించే ఎర్ర అక్షరాల పలకలుంటాయి కదా, అలాంటివి పాతవి తెచ్చి రెండు వరుసలుగా అతికించింది. ఇక్కడ నేను కొట్టింది అక్కడ వెలగాలి. వెలిగింది కూడా, మొదటి మూడు అక్షరాలు. ఆ తర్వాత బిగుసుకుపోయింది. నేను ఎన్ని వాక్యాలు కొట్టినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

కోడలు వెళ్లి స్విచ్ ఆపి మళ్లీ వేసింది. మళ్లీ మూడు అక్షరాలు, మళ్లీ మౌనం. మూడోసారి ఆపి వేశాక నా దగ్గరికొచ్చి, తలకాయ గోక్కుంటూ అన్న మాటే పైన చెప్పింది.

"నేను నెమ్మదిగా కొడితే ఆయన నెమ్మదిగా మాట్లాడతాడా?" అన్నాను, స్టేజీ మీదున్న సొంతకవిని చూపించి.

సొంతకవి అనేది ఆయన పేరు కాదు. నాటకంలో రాసిన మాటలు ఒక్కటీ రాసినట్టు చెప్పడు, అన్నీ అప్పటికప్పుడు అల్లేస్తాడు. అందుకని మా బృందంలో అందరం అలాగే పిలుస్తాం. ఆయన కూడా బిరుదిచ్చినట్టే సంతోషిస్తాడు. ఈ మనిషే లేకపోతే మాకు ఇంత అవస్థ ఉండేది కాదు. మాటలన్నీ ముందే బోర్డులో ఎక్కించి, బటన్ నొక్కుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన నోట్లోంచి ఏం ఊడిపడుతుందో ఆయనకే తెలియదు కాబట్టి, పడిన మాటను పడినట్టు పట్టే మనిషి కావాల్సి వచ్చింది. ఆ మనిషిని నేను.

ఇదంతా మా అక్క కోసం. అక్కకు డెబ్బై నిండాయి. నలభై ఏళ్లుగా హాస్యవేషాలు వేస్తోంది. ఆవిడ స్టేజీ మీదకు నడిచొస్తేనే జనం నవ్వడానికి సిద్ధమైపోయేవారు. మూడేళ్లుగా చెవులు బాగా మందగించాయి. ఎదురుగా నిలబడి, నోరు కనబడేలా మాట్లాడితే చక్కగా అర్థం చేసుకుంటుంది. స్టేజీ మీద అందరూ జనం వైపు తిరిగి మాట్లాడతారు, ఎవరి నోరూ కనబడదు. చెవిలో పెట్టుకునే మిషను కొన్నాం. అది పెట్టుకుంటే ముందు వరసలో ఎవరో సంచీ తెరిచిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదని తీసి డ్రాయర్లో పడేసింది. ఆవిడ మాటలు ఆవిడకు కంఠతా వచ్చు. ఎదుటివాళ్ల మాట ఎక్కడ ఆగిందో తెలియకే చిక్కు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. జనం నవ్వుతున్నప్పుడు నటులు ఆగాలి. నవ్వు తగ్గాకే తర్వాతి మాట అనాలి. అక్కకు నవ్వు వినబడదు. జనం పగలబడి నవ్వుతుంటే ఆవిడ మాత్రం తర్వాతి మాట చెప్పేసేది. ఆ మాట నవ్వులో కొట్టుకుపోయేది. బయటికొచ్చాక "పెద్దావిడ గొణుగుతోంది, పాపం" అనుకునేవారు. నలభై ఏళ్లు నవ్వించిన మనిషి గురించి ఆ పాపం అనే మాట వింటే నాకు ప్రాణం చివుక్కుమనేది.

ఇప్పుడు ఆడబోయే నాటకంలో అక్కది ఇంటి ఓనరమ్మ వేషం. మూడు గోడల అవతల గుసగుసలాడినా వినగలిగే ఓనరమ్మ. మా రాత ఇలా ఉంటుంది. పై వాటాలో అద్దెకున్న పెద్దమనిషి గదిలో రహస్యంగా ఒక బాతును పెంచుకుంటుంటాడు. అది అరిచినప్పుడల్లా తన దగ్గేనని బుకాయిస్తుంటాడు. ఆ పెద్దమనిషే సొంతకవి.

డైరెక్టరుగారు వాచీ చూసుకున్నారు. ఆయన బాధపడినా, కోపపడినా, ఆకలేసినా వాచీనే చూసుకుంటారు. తర్వాత నా దగ్గరికొచ్చి వంగి, "టైపిస్టమ్మగారూ, నాకు మాత్రం మీ అక్కగారిని తీసెయ్యాలనుందా? ఆదివారం మధ్యాహ్నం ఆట. శుక్రవారం రిహార్సల్లో ఈ బోర్డు పనిచేస్తే ఆవిడే ఓనరమ్మ. లేకపోతే మన బృందంలోని బ్యాంకు మేడంగారు మాటలన్నీ నేర్చుకుని కూర్చున్నారు" అన్నారు.

అప్పటికి మంగళవారం పొద్దున.

అక్క స్టేజీ మధ్యలో నిలబడి మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. నేను మెట్లెక్కి ఎదురుగా నిలబడ్డాను.

"నన్ను తీసేస్తున్నాడా?" అంది.

"శుక్రవారం దాకా లేదు."

"శుక్రవారం?"

"శుక్రవారం సంగతి నా కోడలు చూసుకుంటుంది."

అక్క కోడలి వైపు చూసింది. అది ముందు వరస కుర్చీల కింద దూరి, వైరు పట్టుకుని మూల మూలా వెతుకుతోంది. కాళ్లు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ఆ కాళ్లను చూసి అక్కకు ఏం ధైర్యం వచ్చిందో తెలియదుగానీ, "సరే అయితే, టీ తాగుదాం" అంది.

మా కోడలు లిఫ్టుల కంపెనీలో పనిచేస్తుంది. లిఫ్టు లోపలుండే చిన్న చిన్న సర్క్యూట్లు, వాటికి బుర్రలాంటి చిప్పు, ఆ చిప్పు ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాము, ఇవన్నీ దాని పని. తెలివైన పిల్ల. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఏడేళ్లుగా తెలుసుకోలేకపోయింది, అది వేరే సంగతి.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద బోర్డు పరిచింది. కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం కొట్టింది. అక్షరం కుడి చివర పుట్టి, వయ్యారంగా జరుగుతూ వచ్చి తన చోట నిలబడింది. దాని వెనకాల ఇంకోటి. చూడముచ్చటగా ఉంది.

"చూడండి అత్తయ్యా, బంగారంలా పనిచేస్తోంది. వారం రోజులు ఇలాగే పరీక్ష చేశాను. హాల్లోనే ఏదో తేడా. వైరు పొడుగైపోయిందేమో."

"లే, నేను కూర్చుంటా."

కూర్చున్నాను. పది వేళ్లూ పెట్టి ఒక వాక్యం కొట్టాను. మూడు అక్షరాలు వెలిగాయి, బోర్డు బిగుసుకుంది.

కోడలు బోర్డును చూసింది, నా వేళ్లను చూసింది. స్విచ్ ఆపి మళ్లీ వేసి, తనే ఒక వేలితో కొట్టింది. పనిచేసింది. నన్ను కొట్టమంది. చచ్చింది. అప్పుడు దాని మొహం మెల్లగా విప్పారింది. చిక్కుముడిలో దారం కొస దొరికితే ఎవరి మొహమైనా అలాగే అవుతుంది.

"వైరు కాదు, హాలు కాదు. మీరే."

"నేనా?"

"మీ వేగం. వినండి. ఈ వైరులో అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వరసలో వస్తాయి. వచ్చిన అక్షరం నిలబడ్డానికి చిప్పులో రెండే రెండు చోట్లున్నాయి. నా ప్రోగ్రాము అక్కణ్ణించి ఒకటి తీసుకుంటుంది, బోర్డు మీద జరుపుతూ వెలిగిస్తుంది, ఆ పని పూర్తయ్యాక మళ్లీ వెళ్లి ఇంకోటేమైనా వచ్చిందా అని చూస్తుంది. ఆ జరపడానికి అర సెకను పడుతుంది. నేను ఒక వేలితో కొడితే అర సెకనుకి ఒక అక్షరం. సరిపోయింది. మీరు ఆ అర సెకనులో ఆరు కొట్టేస్తున్నారు. రెండు నిలబడతాయి, మూడోదానికి చోటు లేదు."

"అయితే మూడోది పోతుంది. నాలుగోది రావాలిగా?"

"అక్కడే ఉంది. ఈ చిప్పుకో గుణం ఉంది. చోటు లేనప్పుడు ఒక అక్షరం వచ్చిందంటే, అప్పటికే నిలబడ్డ రెండూ ఇచ్చేస్తుంది గానీ, కొత్తది మాత్రం ఒక్కటీ తీసుకోదు. మనమే దాని చెవి ఒకసారి మూసి మళ్లీ తెరవాలి. అప్పటిదాకా అంతే."

"అలిగిందన్నమాట."

"ఏంటి?"

"అలకే అమ్మాయ్. మీ మామగారిలాగా. రెండు పనులు చెప్పేదాకా మంచి మనిషి. అవి అవకముందే మూడోది చెప్పామా, ఇక ఆ పూటకి ఏం చెప్పినా చెవిన పడదు. ఎవరో ఒకరు వెళ్లి బతిమాలాలి."

"వినబడుతోంది" అన్నారు పక్కగదిలోంచి మా ఆయన.

కోడలు బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. నవ్వాక నెత్తి మీద తనే ఒకటి మొట్టుకుంది. "లిఫ్టులో అంతస్తు నంబరు ఏ రెండు మూడు సెకన్లకో ఒకటి వస్తుంది అత్తయ్యా. ఆ అలవాటులోనే ఇదీ రాసేశాను. అందంగా జరిగే అక్షరాలు కూడా అక్కడివే. పప్పులో కాలేశాను."

"ఇప్పుడు దారేంటి?"

"ఇంటరప్ట్ పెట్టాలి. ప్రోగ్రాము మాటిమాటికీ వెళ్లి చూసుకోనక్కర్లేదు. అక్షరం వచ్చిన క్షణాన చిప్పే దాని భుజం తడుతుంది. అది చేస్తున్న పని ఎక్కడికక్కడ ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని వెళ్తుంది. అక్షరం సంగతి చూసుకుని, మళ్లీ ఆపిన చోటికే వచ్చి కొనసాగిస్తుంది."

మా ఆఫీసులో పని మధ్యలో భుజం తట్టినవాళ్లను నేను కరిచినంత పని చేసేదాన్ని. ఇక్కడ అదే మందు అంటోంది. సరే, ఎవరి వృత్తి మర్యాద వారిది అనుకున్నాను.

బుధవారం సాయంత్రం కోడలు ఉద్యోగం నుంచి వచ్చి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా బల్ల ముందు కూర్చుంది. గంటలో కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. నన్ను పిలిచింది. నేను చేతులు తుడుచుకుని, ఉత్సాహంగా కూర్చుని, దినపత్రికలో మొదటి వార్త అందుకున్నాను.

మూడు అక్షరాలు. మౌనం.

కోడలు ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. తెర మీద రాసుకున్నది పైనుంచి కిందికి చదివింది, కిందనుంచి పైకి చదివింది. "ఇంటరప్ట్ పెట్టాను. భుజం తడుతోంది. నేను కళ్లారా చూశాను, తట్టినప్పుడల్లా ఈ చిన్న దీపం వెలిగేలా కూడా పెట్టాను. మరెందుకు?" అని గొణిగింది. కాసేపటికి, "పెద్దత్తయ్యకి నేను మాటిచ్చాను" అంది. కళ్లు తుడుచుకుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, బోర్డు మీదే అయి ఉంటుంది.

"అది నీ ఏడుపు వినదు. ముందు నాకు చెప్పు. భుజం తట్టగానే మన ప్రోగ్రాము వెళ్తుంది. వెళ్లి ఏం చేస్తుంది?"

"అక్షరం తీసుకుంటుంది."

"తీసుకుని?"

"బోర్డు మీద జరుపుతూ వెలిగిస్తుంది."

"అక్కడే నిలబడా?"

"అక్కడే. వెంటనే కనబడాలి కదా."

"వెలిగించడానికి ఎంతసేపు?"

"అర సెకను..."

"ఆ అర సెకనులో నేను ఇంకో ఆరు కొడతాను. వాటికి చిప్పు ఎవరి భుజం తట్టాలి? తట్టించుకోవాల్సిన వాడు అక్కడే నిలబడి దీపాలు వెలిగించుకుంటున్నాడుగా."

కోడలు తెర మీద ఆ చోటు వెతికి వేలు పెట్టింది.

నాకు ఉద్యోగంలో మొదటి వారం గుర్తొచ్చింది. పెద్ద లాయరుగారు డిక్టేషన్ ఇస్తున్నారు. నేను ఆయన మెప్పు పొందాలని ముత్యాల్లాంటి దస్తూరితో పూర్తి మాటలు రాస్తున్నాను. నేను మొదటి వాక్యం చివర చుక్క పెట్టేసరికి ఆయన నాలుగోదానిలో ఉన్నారు. బయటికొచ్చి ఏడుస్తుంటే ఆఫీసులో పెద్ద స్టెనో నన్ను కూర్చోబెట్టుకుని ఒకటే చెప్పింది. వినేటప్పుడు వినడమే చెయ్యి, ఒక గీత గీసి వదిలెయ్యి, అందం చందం తర్వాత టైపు మిషను దగ్గర చూసుకోవచ్చు అంది. షార్ట్‌హ్యాండ్ అంటే ఆ గీతలే. తెలియనివాళ్లకు కోడిగీతల్లా ఉంటాయి. ఆ గీతల మీదే ముప్పై నాలుగేళ్లు బతికాను.

ఇదే కోడలికి చెప్పాను. "తీసుకోవడానికి వెళ్లినవాడు తీసుకోవడమే చేయాలి. ప్యాడ్ మీద ఒక గీత పెట్టి వెంటనే వెనక్కి వచ్చెయ్యాలి. ఫెయిర్ కాపీ తీరిగ్గా తర్వాత. డిక్టేషన్ మధ్యలో ఎవరైనా ఫెయిర్ కాపీ కొడతారా?"

"ప్యాడ్" అంది కోడలు, నిద్రలేచినట్టు. "అత్తయ్యా, ప్యాడ్ లేదు. నేను అసలు ప్యాడే పెట్టలేదు."

ఇక దాని వేళ్లు ఆగలేదు. రాస్తూనే నాకు చెబుతోంది, నాకంటే తనకు తనే చెప్పుకుంటోంది. అరవై నాలుగు గళ్లున్న వరస ఒకటి పెడుతుందట. భుజం తట్టగానే వెళ్లి, అక్షరాన్ని తీసుకుని ఖాళీ గడిలో పడేసి వచ్చేస్తుందట. అంతే, ఇంకేమీ చేయదు. మిగతా సమయమంతా ప్రోగ్రాము తన అసలు పనిలో ఉండి, గళ్లలో ఉన్నవి వచ్చిన వరసలోనే తీసి బోర్డు మీద పెడుతుంది. ఏ గడిదాకా నిండిందో ఒక గుర్తు, ఏ గడిదాకా తీశామో ఇంకో గుర్తు.

"అరవై నాలుగూ నిండితే?"

"మళ్లీ మొదటి గడికే వస్తాం. అప్పటికి అందులోది బోర్డు మీదకి ఎక్కేసి ఉంటుంది, దాని మీదే రాసెయ్యొచ్చు."

ఒకే ప్యాడ్‌ను తిప్పి తిప్పి వాడొచ్చని మా ఆఫీసు మేనేజరుకు ఆ రోజుల్లో తెలియకపోవడమే మంచిదైంది. మాకు కొత్త ప్యాడ్ కళ్లబడనిచ్చేవాడు కాదు.

"ఇంకోటి. ఆ వయ్యారంగా జరగడం తీసెయ్" అన్నాను.

"అందంగా ఉంటుందని..."

"స్టేజీ మీద మా అక్క అందంగా ఉంది, చాలు. బోర్డు కూడా అక్కర్లేదు."

నవ్వి తీసేసింది. గళ్లలో ఎన్ని పోగైతే అన్నీ ఒకేసారి టక్కున వెలిగేలా మార్చింది. చివర్లో అలక సంగతి కూడా చూసింది. అక్షరం కోసం వెళ్లిన ప్రతిసారీ చిప్పు అలిగి కూర్చుందేమో ఒక చూపు చూసి, అలిగితే చెవి మూసి తెరిచి వస్తుంది. బతిమాలడం కూడా అక్కడే, క్షణంలో.

నేను కూర్చున్నాను. వార్త మొదటి వాక్యం కొట్టాను. బోర్డు మీద పడింది. రెండోది పడింది. వేగం పెంచాను. పేరా అయిపోయింది. వాతావరణం కొట్టాను, క్రీడలు కొట్టాను, ఒక తప్పిపోయిన పిల్లి ప్రకటన కొట్టాను. నా వేళ్లు ఎక్కడుంటే అక్షరాలు అక్కడున్నాయి. ఉద్యోగం మానేశాక అంత జోరుగా కొట్టింది అదే. మా ఆయన వచ్చి బోర్డు ముందు నిలబడి, పిల్లి రంగు, తోక మీద మచ్చతో సహా గట్టిగా చదివారు. ఒక్క అక్షరం పోలేదు. కోడలు నన్ను కుర్చీతో సహా కౌగిలించుకుంది. ఇద్దరం కింద పడబోయి బల్ల పట్టుకుని ఆగాం.

"అత్తయ్యా, ఇంకొంచెం వేగంగా కొడతారా?" అంది.

ఆ మాటతో మంగళవారం నాటి తప్పు మాఫ్ చేశాను.

శుక్రవారం రిహార్సల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సొంతకవి ఆ రోజు బాతు మీద ఏకంగా ఒక ఉపన్యాసం అల్లాడు. అందులో అతని చిన్నప్పటి మాస్టారు కూడా వచ్చి వెళ్లారు. అంతా బోర్డు మీద పడింది. అక్క ఓరకంట చదువుకుని, అతను ఆగిన చోట సరిగ్గా అందుకుంది. ఖాళీ హాలు కాబట్టి నవ్వులు లేవు, ఆ గొడవ ఎవరికీ గుర్తు రాలేదు. గంటన్నర సేపు డైరెక్టరుగారు వాచీ చూసుకోలేదు. చివరికి "మరి ఆవిడే ఓనరమ్మ" అన్నారు. ఆ మాటను కూడా బోర్డు మీద కొట్టాను. అక్క చదువుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. నేను తెర పక్కన ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చున్నాను. నా పక్కన కోడలు నేల మీద బాసింపట్టు వేసుకుని, వైరు చివర ఊడిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఊడదని దానికి తెలుసు, అయినా వదల్లేదు.

మొదటి అంకం సాఫీగా గడిచింది. జనం అక్కడక్కడా చిన్నగా నవ్వారు. ఆ నవ్వుల కింద అక్క మాటలు రెండు మూడు నలిగాయి. బోర్డు పనిచేస్తోంది, ఆవిడ అందుకోవాల్సిన చోట అందుకుంటోంది, అయినా పాత జబ్బు అలాగే ఉంది. మాటలు పట్టడంలో పడి నవ్వుల సంగతే మరిచిపోయాం.

రెండో అంకంలో అసలు ఘట్టం వచ్చింది. గది తలుపు వెనక బాతు అరుస్తుంది. ఓనరమ్మ వచ్చి నిలదీస్తుంది. రాసినదాని ప్రకారం ఆ పెద్దమనిషి "అది నా దగ్గమ్మా" అనాలి. ఓనరమ్మ "దగ్గయితే మందిస్తాను, గుడ్లు పెడితే మాత్రం నాకే ఇవ్వాలి" అనాలి.

బాతు అరిచింది. అక్క నడుం మీద చేయి పెట్టి నిలబడింది. సొంతకవి జనం వైపు తిరిగి, గుండె మీద చేయి వేసుకుని అల్లడం మొదలుపెట్టాడు.

"దగ్గు తగ్గిపోయిందమ్మా. ఇది సంగీతం. నిన్నటి నుంచి పాట నేర్చుకుంటున్నాను. గురువుగారు తలుపు వేసుకుని ఇలాగే సాధన చెయ్యమన్నారు. మీరు విన్నది నా గొంతే."

అతను నోరు మూసుకునేసరికి చివరి అక్షరం బోర్డు మీద ఉంది. అక్క చదివింది. దగ్గుకు మందిస్తానంటే ఇక్కడ అతకదు. కోడలు వైరును ఇంకా గట్టిగా పట్టుకుంది. అక్క ఒక్క క్షణం ఆగి, అతని భుజం మీదనుంచి ఏదో తీసినట్టు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని చూసి అంది.

"నీ గొంతే అయితే మరి ఈకలెందుకు రాలుతున్నాయి?"

హాలు పేలిపోయింది. వెనక వరసలో ఎవరో కుర్చీ చేతిని బాదుతున్న చప్పుడు కూడా వినబడింది. అక్కకు అవేమీ తెలియదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. పెదవులు విడివడుతున్నాయి. గుడ్ల మాట అనబోతోంది. ఆ మాట ఈ హోరులో పడితే ఇక అంతే.

ఆఫీసులో ఎవరైనా నవ్వితే నేను పెన్సిలు ఎత్తి పట్టుకుని ఆగేదాన్ని. నవ్వు మాట కాదు, దాన్ని రాసుకోము. ఆ రోజు మాత్రం నా వేళ్లు నన్ను అడగలేదు.

"నవ్వుతున్నారు" అని పడింది బోర్డు మీద.

అక్క పెదవులు ఆగిపోయాయి.

"ఇంకా నవ్వుతున్నారు."

అక్క చేతిలోని ఈకను, లేని ఈకను, వెలుతురుకేసి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వు ఇంకో మెట్టెక్కింది.

"పెరిగింది."

సొంతకవిని పాదాల నుంచి తలదాకా తాపీగా ఒకసారి చూసింది. తల నుంచి పాదాలదాకా ఇంకోసారి. ఆ మనిషి, జన్మలో మొదటిసారి, సొంతంగా ఏమీ అల్లకుండా నోరు మూసుకుని నిలబడ్డాడు. పాపం నవ్వాపుకోలేక భుజాలు కదులుతున్నాయి.

"ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. తగ్గుతోంది. తగ్గుతోంది. ఆపారు."

ఆ నిశ్శబ్దంలోకి అక్క మాట పడింది. నిదానంగా, స్పష్టంగా, చివరి వరసదాకా.

"సరే, పాడుకో. గుడ్లు పెడితే మాత్రం నాకే ఇవ్వాలి."

ఆ తర్వాత లేచిన నవ్వుకు తెర గుడ్డ కదిలిందంటే మీరు నమ్మరు. కోడలు నన్ను మోచేత్తో పొడిచింది, నేను కొట్టడం ఆపేశానని. కొట్టాను. ఇంకా నవ్వుతున్నారు, ఇంకా, చప్పట్లు కూడా. అక్క చదువుకుంటూ ఆగింది. ఆగాల్సినంతసేపు ఆగింది. మూడేళ్ల తర్వాత నా అక్కను మళ్లీ చూశాను.

ఆట అయిపోయాక మేకప్ గదిలోకి వెళ్లాను. అందరూ వచ్చి అక్క చేతులు పట్టుకుని ఏవేవో చెప్పి వెళ్లారు. బ్యాంకు మేడం కూడా వచ్చి ముద్దు పెట్టి వెళ్లింది. చివరికి ఇద్దరమే మిగిలాం. అక్క అద్దం ముందు దూదితో మొహం తుడుచుకుంటోంది. సగం మొహం ఓనరమ్మది, సగం మా అక్కది. అద్దంలోంచే నన్ను చూసి, దూది కింద పెట్టి, నా వైపు తిరిగింది.

"ఒక మాట అడుగుతాను. నిజం చెప్పు."

"అడుగు."

"ఆ నవ్వులు. అన్నీ నిజంగా ఉన్నాయా, లేక నువ్వు కలిపి కొట్టావా?"

"ఏంటీ?"

"అంతసేపు ఎవరు నవ్వుతారే? ముందు వరసలో కళ్లు తుడుచుకున్నాడని కొట్టావు. నా మొహం చూసి జాలేసి, నాలుగు ఎక్కువ వేశావేమో. చెప్పు, నేనేమీ అనుకోను. చెల్లెలివి కదా, వేస్తావు."

ముందు నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆవిడ కళ్లలోకి చూశాను. తమాషాకి అడగడం లేదు. మూడేళ్లుగా ఎవరో జాలిపడి చెప్పిన మంచి మాటలే వింటూ వచ్చింది. బాగా చేశావు అని అందరూ అంటారు, బాగా చేయలేదని ఆవిడకు తెలుసు. ఈ రోజు కూడా అదేనేమోనని భయపడుతోంది. అంత పెద్ద నటి, డెబ్బై ఏళ్ల మనిషి, చెల్లెలి జవాబు కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

స్టూలు లాక్కుని దీపం నా మొహం మీద పడేలా ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ముప్పై నాలుగేళ్లు కొట్టాను. ఎవరూ అనని మాట ఒక్కటి కూడా కొట్టలేదు. లాయర్లు బతిమాలారు, ఒకసారి బెదిరించారు, అయినా కొట్టలేదు. నీ కోసం కూడా కొట్టను."

ఆవిడ నా నోటి వంకే చూస్తోంది.

"అంటే నిజంగానే నవ్వారా?"

"నిజంగానే. నేను కొట్టిన దానికన్నా ఎక్కువ. మధ్యలో నేనూ నవ్వుతూ కొట్టడం మరిచిపోయాను, అది నీకు లోటే."

అక్క కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "ఎంతసేపు?" అంది. చెప్పాను. "ఈక దగ్గరా, గుడ్ల దగ్గరా ఎక్కువ?" అంది. గుడ్ల దగ్గర అని చెప్పాను. తల ఊపింది. కళ్లలోంచి నీళ్లు కారి ఓనరమ్మ సగంలో గీతలు పడ్డాయి, మొహం నిండా నవ్వే. మళ్లీ అడిగింది, ఎంతసేపు అని. మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు. మళ్లీ చెప్పాను. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పాను.